కప్పుల బీరువా, నల్లబల్ల

ఏజెన్సీలో ఏ మండల కేంద్రానికి వెళ్లినా ఆశ్రమ ఉన్నత పాఠశాల గేటు దగ్గర ఒక ఫ్లెక్సీ కనిపిస్తుంది. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల ఫొటోలు దాని మీద వరుసగా ఉంటాయి. లోపలికి వెళ్తే హెడ్‌మాస్టర్ గదిలో ఒక అద్దాల బీరువా ఉంటుంది. జోనల్ పోటీల్లో, జిల్లా పోటీల్లో గెలిచిన కప్పులు అందులో ఉంటాయి. ఫ్లెక్సీ మీద ఉన్న పిల్లలు వేరు, ఆ కప్పులు తెచ్చిన పిల్లలు వేరు. రెండు చోట్లా కనిపించే పేరు అరుదు. ఎందుకు అరుదని అడిగేవాళ్లు ఇంకా అరుదు. ఆ ప్రశ్న అడగడానికే ఈ వ్యాసం రాస్తున్నాం.

మాలో చాలామందిమి అలాంటి బళ్లలోనే చదివాం. ఆ బళ్లలో ఒక మాట తరచుగా వినేవాళ్లం. పై నుంచి ఎవరైనా అధికారి తనిఖీకి వచ్చి ఒక పిల్లవాడిని లేపి ప్రశ్న అడిగితే, వాడు తల వంచుకుని నిలబడితే, పక్కనున్న సారు అందుకునేవాడు: “వీడికి చదువు రాదు సార్, ఆటల్లో మాత్రం పులి.” అధికారి నవ్వి వాడి భుజం తట్టేవాడు. వాడు కూర్చునేవాడు. ఆ మాటను మేము అప్పట్లో మెచ్చుకోలు అనుకున్నాం. పులి అన్నారు కదా అని సంబరపడ్డాం. ఆ వాక్యంలో ముందున్న సగం మా జీవితాలను ఎంత నిర్ణయించిందో అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

మా తరగతిలో ఒక కోయ అమ్మాయి ఉండేది. సాంఘిక శాస్త్రం పీరియడ్‌లో ఆమె గొంతు ఎవరూ విని ఉండరు. పాఠం చదవమంటే పుస్తకం పట్టుకుని నిలబడేది, అంతే. సాయంత్రం డ్రిల్ సారు ఈల ఊదాక ఖోఖో కోర్టులో ఆమె వేరే మనిషి. ఎవరు ఎటు తిరిగి కూర్చోవాలో, ఎవరికి ఖో ఇవ్వాలో, ఎదుటి జట్టులో ఎవరికి ఆయాసం వస్తోందో, ఎవరిని స్తంభం దగ్గర చిక్కించుకోవాలో అన్నీ ఆమే చెప్పేది. గట్టిగా, కోయలో చెప్పేది. అది లెక్క కాదా? అది ఆలోచన కాదా? ఉదయం నోరు లేని పిల్లకు సాయంత్రం నోరు ఎక్కడి నుంచి వచ్చింది? కోర్టులో ఆమెను తెలుగులో మాట్లాడమని ఎవరూ అడగలేదు కాబట్టి వచ్చింది. తొమ్మిదో తరగతి అయ్యాక ఆమెకు టీసీ ఇచ్చి పంపేశారు. పదిలో తప్పుతుందని, బడి ఫలితం పడిపోతుందని చెప్పారు. ఆమె జట్టు గెలిచిన కప్పు మాత్రం బీరువాలోనే ఉంది.

కాబట్టి “చదువు రాదు, ఆటల్లో పులి” అన్నది పిల్లల గురించిన నిజం కాదు. ఆ మాటకు బడి గురించిన నిజం చెప్పే శక్తి మాత్రం ఉంది. తరగతి గదిలో పిల్లకు తన భాష లేదు. కోర్టులో ఉంది. ఈ తేడాను భాష తేడాగా చూడకుండా రక్తం తేడాగా చూశారు. అడవిలో పుట్టినవాళ్లకు కాళ్లలో బలం ఉంటుంది, తలలో ఉండదు అన్నట్టుగా చూశారు. మన బడుల గురించి పత్రికల్లో వచ్చే రాతల్లో, సినిమాల్లో, ఉపన్యాసాల్లో, చివరికి మన సొంత రచనల్లో కూడా ఈ చూపు ఎలా పాతుకుపోయిందో చూడాలి.

ఇందుకు మేము ఒక సినిమాను తీసుకుంటున్నాం. 2017లో హిందీలో వచ్చిన ‘పూర్ణ’. రాహుల్ బోస్ దర్శకత్వం వహించి, గురుకులాల కార్యదర్శిగా పనిచేసిన ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పాత్రను తనే వేశాడు. పూర్ణగా అదితి ఇనాందార్ నటించింది. కథ మనందరికీ తెలిసిందే. అప్పటి నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన లంబాడా బిడ్డ మాలావత్ పూర్ణ, తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. నేపాల్ వైపు నుంచి పదహారేళ్ల లోపు పిల్లలను ఎక్కనివ్వరు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కింది. ఆమెతో పాటు అదే రోజు శిఖరం చేరినవాడు చర్ల మండలానికి చెందిన దళిత విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్. పూర్ణ పేరు తెలిసినంతమందికి ఆనంద్ పేరు తెలియదు. ఇది కూడా ఆలోచించవలసిన సంగతే.

ఈ సినిమాను కొట్టిపారేయలేం. ప్రభుత్వ బడిని, హాస్టల్ అన్నాన్ని, చిన్న వయసులో జరిగే పెళ్లిని కథకు మధ్యలో పెట్టిన హిందీ సినిమాలు ఎన్ని ఉన్నాయి? పూర్ణకు తోడుగా ఉన్న అక్కలాంటి పిల్లకు పెళ్లి చేసి పంపేసే భాగం చూస్తుంటే మాలో కొందరికి తమ ఇంట్లోవాళ్లే గుర్తొచ్చారు. ఇద్దరు ఆడపిల్లలు గురుకులం గురించి కలలు కనడానికి మొదటి కారణం అక్కడ వేళకు అన్నం దొరకడం. ఇది నిజం. పెద్ద మాటలేవీ లేకుండా ఆ నిజాన్ని తెర మీద పెట్టినందుకు మేము సంతోషించాం. ఆ పాప నటనలో కూడా అనవసరమైన తళుకు లేదు.

అయినా సినిమా అయిపోయాక మాకు ఒక వెలితి మిగిలింది. దాన్ని మూడు రకాలుగా చెప్పుకోవచ్చు.

మొదటిది భాష. తండాలో పుట్టిన పిల్ల ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది. ఊళ్లో, చిన్న బడిలో తెలుగు వినాలి. గురుకులంలో అడుగు పెట్టాక ఇంగ్లీషు పుస్తకం చేతిలో పెడతారు. పర్వతారోహణ శిక్షణకు డార్జిలింగ్ పోతే హిందీ తోడవుతుంది. పద్నాలుగేళ్లు నిండని పిల్ల నాలుగు భాషల గుమ్మాలు దాటాలి. సినిమాలో పాప మొదటి నుంచీ హిందీలోనే మాట్లాడుతుంది కాబట్టి ఆ గుమ్మాలేవీ మనకు కనిపించవు. దాన్ని ఏ ఒక్క భాషలోకి మార్చి చూసినా ఇదే చిక్కు. ప్రేక్షకుల కోసం ఒకే భాష పెట్టుకోవడం సినిమావాళ్ల అవసరం కావచ్చు. కానీ ఆ అవసరం వల్ల కథలో అన్నిటికంటే ఎత్తైన అడ్డంకి మాయమైపోయింది. మంచు కొండను చూపించారు. తరగతి గదిలో మొదటి రోజు అర్థం కాని పాఠాన్ని చూపించలేదు. మనవాళ్లలో వేలమంది ఆ పాఠం దగ్గరే జారిపోయారు, మంచు మీద కాదు.

రెండోది లెక్క. ఎవరెస్టు కోసం గురుకులాల నుంచి మొదట వంద మందికి పైగా పిల్లలను ఎంపిక చేసి భువనగిరి గుట్ట మీద శిక్షణ ఇచ్చారు. అందులోంచి కొందరిని డార్జిలింగ్ పంపారు. ఇంకా కొద్దిమందిని లడఖ్ చలిలో పరీక్షించారు. చివరికి ఇద్దరు మిగిలారు. ఇది వడపోత. పోటీలో వడపోత తప్పదు, దాన్ని మేము తప్పు పట్టడం లేదు. కానీ భువనగిరి గుట్ట ఎక్కి దిగి మళ్లీ తమ బడికి వచ్చి కూర్చున్న ఆ మిగతా పిల్లల సంగతి ఏమిటి? ఆ శిక్షణ వాళ్ల చదువులో ఏం మార్చింది? భయం పోయిందా? లెక్కల సారుతో ధైర్యంగా మాట్లాడటం వచ్చిందా? ఒక బడి మంచిదో కాదో తేల్చవలసింది వాళ్ల కథతోనే. కానీ సినిమాకు శిఖరం కావాలి. పత్రికకు శిఖరం కావాలి. ప్రభుత్వానికి కూడా అదే కావాలి. గుట్ట దిగి వచ్చినవాళ్ల ఫొటో ఎవరి దగ్గరా లేదు.

మూడోది బడి. సినిమా చూశాక గురుకులం మా మనసులో అన్నం దొరికే చోటుగా, ఎంపిక జరిగే చోటుగా మిగిలింది. నల్లబల్ల ఉన్న చోటుగా మిగల్లేదు. ఒక మంచి అధికారి వస్తాడు, ఒక మంచి శిక్షకుడు వస్తాడు, పిల్లలోని బలాన్ని గుర్తిస్తారు. నిజ జీవితంలోనూ వాళ్లు చేసిన పని చిన్నదేమీ కాదు. అయితే అధికారి బదిలీ అవుతాడు. బడి అక్కడే ఉంటుంది. రోజూ ఆరో తరగతికి పాఠం చెప్పే టీచరు, ఎనిమిదిలో పిల్ల ఎందుకు వెనుకబడిందో కనిపెట్టిన టీచరు, రాత్రి స్టడీ అవర్‌లో పక్కన కూర్చున్న పెద్ద తరగతి అక్క, వీళ్లంతా కలిస్తేనే బడి. వాళ్లు లేకుండా చెబితే మన విజయం పైనుంచి దిగిన దయలాగా కనిపిస్తుంది.

చదువులో గెలిస్తే దయ, ఆటలో గెలిస్తే రక్తం. మన పిల్లల గెలుపును లోకం ఈ రెండు మాటలతోనే చెబుతూ వచ్చింది. రెండు మాటల్లోనూ పిల్ల పడిన కష్టానికి చోటు లేదు. పూర్ణ గెలిచినప్పుడు చాలామంది అడవి బిడ్డ, కొండల్లో పుట్టిన బిడ్డ అని రాశారు. పాకాలలో మంచు పడదు. ఆక్సిజన్ సిలిండర్ మోసే అలవాటు ఏ తండాలోనూ లేదు. ఆమె నెలల తరబడి నేర్చుకుంది. భయపడుతూ, అలసిపోతూ, మళ్లీ లేస్తూ నేర్చుకుంది. ఎక్కిన తర్వాత కూడా ఆగలేదు. డిగ్రీ చదివింది, 2022 నాటికి ఏడు ఖండాల ఎత్తైన శిఖరాల వరుసను పూర్తి చేసింది. ఇది పుట్టుకతో వచ్చేది కాదు.

పుట్టుకతో వచ్చే బలం గురించి మాట్లాడేవాళ్లు ఒక్కసారి మన హాస్టళ్లలో రక్త పరీక్షలు చేసే రోజున వచ్చి కూర్చోవాలి. ఎంతమంది ఆడపిల్లలకు రక్తం తక్కువ ఉందో వింటే పులి అనే మాట నోట రాదు. సికిల్ సెల్ వ్యాధి గిరిజనుల్లో ఎక్కువగా ఉందనే కదా 2023లో దాని నిర్మూలనకు దేశవ్యాప్త కార్యక్రమమే మొదలుపెట్టారు! ఆటకు కాలి బలం కావాలంటే ముందు పళ్లెంలో గుడ్డు ఉండాలి. మెనూలో రాసిన గుడ్డు కాదు, పళ్లెంలో పడిన గుడ్డు.

చదువూ ఆటా ఒక మనిషిలో కలవవు అనేవాళ్లకు మనవాళ్లలోనే ఒక జవాబు ఉంది. జైపాల్ సింగ్ ముండా. ఇప్పటి ఝార్ఖండ్‌లోని ముండా పల్లెలో పుట్టి, రాంచీలో మిషన్ బడిలో చదివి, ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్లాడు. అక్కడ అర్థశాస్త్రం చదివాడు, హాకీ ఆడాడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు కెప్టెన్. ఆ జట్టు స్వర్ణం గెలిచింది. ఐసీఎస్ శిక్షణలో ఉన్నవాడు ఆట కోసం సెలవు దొరక్కపోయినా వెళ్లాడు, ఆ ఉద్యోగాన్నే వదులుకున్నాడు. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున నిలబడి మాట్లాడాడు. బంతిని చూసిన కన్నే చట్టాన్నీ చూసింది. మన బళ్లలో ఎంతమంది పిల్లలకు ఈయన పేరు తెలుసు? ధ్యాన్‌చంద్ పేరు జాతీయ క్రీడా దినోత్సవం రోజున చెబుతారు. ఆయన ఆడిన 1928 జట్టుకు కెప్టెన్ ఎవరో చెప్పరు. కప్పుల బీరువా పక్కన ఈయన ఫొటో పెట్టి, కింద ఆయన చదివిన చదువు కూడా రాయాలని మేము చాలాచోట్ల అడిగాం. ఇంకా అడుగుతాం.

భాష సంగతి కూడా కొత్తగా కనిపెట్టవలసింది కాదు. 1943లోనే ఆదిలాబాద్ అడవుల్లో మార్లవాయిలో హైమండార్ఫ్ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలుపెట్టాడు. గోండీలో వాచకాలు తయారయ్యాయి. గోండు యువకులే టీచర్లై గోండు పిల్లలకు అక్షరాలు దిద్దించారు. నిజాం కాలంలో, కుమురం భీం పోరాటం తర్వాత, భయంతోనో ముందుచూపుతోనో చేసిన పని అది. ఏదైతేనేం, పిల్లకు తెలిసిన భాషలో మొదలుపెట్టాలన్న ఇంగితం అప్పుడే ఉంది. ఎనభై ఏళ్లు దాటినా మన ఉన్నత పాఠశాలల్లో అది ఇంకా కోరికగానే ఉంది.

మన భాష తెలిసిన టీచర్లు బడిలో ఉండటానికి కొంత దారి వేసింది 2000 జనవరి 10న ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన జీవో నంబర్ 3. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్నది దాని సారం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వంద శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది. దీన్ని ఉద్యోగాల గొడవగానే అందరూ చూశారు. మా దృష్టిలో అది కోయ అమ్మాయి నోటికి సంబంధించిన తీర్పు కూడా. ఆమె గొంతు మూగబోవడానికి కారణం ఏమిటో గ్రహించగల టీచరు బడిలో ఉంటాడా ఉండడా అన్నది దానితో ముడిపడి ఉంది. ఇప్పుడు ఏకలవ్య బడులకు దేశమంతటికీ ఒకే పరీక్ష పెట్టి టీచర్లను తీసుకుంటున్నారు. మన ప్రాంతాలకు ఎక్కడెక్కడి నుంచో వచ్చిన టీచర్లలో మంచివాళ్లు ఉన్నారు, కష్టపడేవాళ్లు ఉన్నారు. వాళ్ల తప్పేమీ లేదు. కానీ పిల్లకు గోండీ వచ్చు, టీచరుకు హిందీ వచ్చు, పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ముగ్గురూ కలిసే చోటు ఏది?

అదే ఏకలవ్య బడుల్లో ఆటల్లో రాణించే పిల్లలకు ఇరవై శాతం సీట్లు కేటాయించారు. వినడానికి బాగుంది. అయితే మాకు ఒక భయం ఉంది. ఆట కోటాలో వచ్చిన పిల్ల మీద తరగతిలో మళ్లీ అదే ముద్ర పడుతుందేమో. “వీళ్లు ఆటలవాళ్లు” అని వెనక బెంచీ చూపిస్తారేమో. ఆట ద్వారా లోపలికి వచ్చిన పిల్లకు చదువులో అదనంగా ఏం ఇస్తున్నారో చెప్పకుండా సీటు ఇవ్వడం సగం పనే.

ఇక ఫలితాల మాట. గురుకులానికి ఐదో తరగతిలోనే ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఏకలవ్య బడికి ఆరో తరగతికి పరీక్ష ఉంటుంది. ఆశ్రమ పాఠశాల గేటు అందరికీ తెరిచే ఉంటుంది. వడగట్టి తీసుకున్న బడి ఫలితాన్నీ, వచ్చిన ప్రతి పిల్లనూ తీసుకున్న బడి ఫలితాన్నీ పక్కపక్కన పెట్టి ఏ బడి గొప్పదో తేల్చడం న్యాయం కాదు. ఆ పోలిక భయంతోనే చిన్న బడులు కూడా పదో తరగతి ముందు పిల్లలను వడగట్టడం నేర్చుకున్నాయి. మా తరగతి అమ్మాయి చేతిలో టీసీ పెట్టించింది ఆ పోలికే.

ఆటల విషయంలో చట్టమే చిన్నచూపు చూసింది. 2009 విద్యా హక్కు చట్టం ఆట స్థలం ఉండాలంది, ఆట సామాను ఉండాలంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి పైగా పిల్లలు ఉంటే వ్యాయామ విద్యకు పార్ట్ టైమ్ బోధకుడు చాలంది. ఒక మనిషిని సగం జీతానికి, సగం గౌరవానికి పెట్టుకున్న చోట ఆ పనిని చదువులో భాగంగా ఎవరు చూస్తారు? మా డ్రిల్ సారు ఉదయం ప్రార్థన చేయించేవాడు, మధ్యాహ్నం బియ్యం లెక్క చూసేవాడు, రాని టీచరు క్లాసులో కూర్చునేవాడు, సాయంత్రం మిగిలిన వేళలో ఈల ఊదేవాడు. ఆ కప్పులన్నీ ఆయన మిగుల్చుకున్న ఆ కాస్త వేళలో వచ్చినవే.

ఇంతసేపూ ఇతరులను అన్నాం. మనల్ని కూడా అనుకోవాలి. బడి గురించి మన రచయితలు రాసినవి తిరగేస్తే ఆకలి ఉంటుంది, వార్డెన్ తిట్లు ఉంటాయి, ఇంటి మీద బెంగ ఉంటుంది, ఒక దేవుడిలాంటి సారు ఉంటాడు. ఇవన్నీ నిజాలే. ఆట మాత్రం ఎప్పుడో ఒక చోట, పోలిక కోసం వస్తుంది. “లేడిలా పరిగెత్తింది” అని మాలో కనీసం నలుగురం రాశాం. లేడి పరిగెత్తడం నేర్చుకోదు. మన పిల్ల నేర్చుకుంటుంది. ఆ పోలికతో మనం కూడా అధికారి పక్కన నిలబడి “పులి సార్” అన్నట్టే అయింది. ఇకమీదట దాన్ని మానుకోవాలని మాలో మేము అనుకున్నాం.

కాబట్టి మన బడి గురించి రాసేవాళ్లను, తీసేవాళ్లను మేము అడిగేవి కొన్నే. పిల్ల ఏ భాషలో ఆలోచిస్తోందో చూపించండి. గెలిచిన రోజు ఒక్కటే కాకుండా ఆ ముందు ఏడాదిలో ఆమె ఏం తిన్నదో, ఎవరి దగ్గర లెక్కలు చెప్పించుకున్నదో చూపించండి. గూడెం అయినా, తండా అయినా, చెంచు పెంట అయినా, ఒక్కరు పైకి పోయినప్పుడు కింద మిగిలిన తరగతి మొత్తాన్ని లెక్కలోకి తీసుకోండి. ఆటలో కనిపించిన తెలివిని తెలివి అని పిలవండి.

ఆ కోయ అమ్మాయి ఇప్పుడు మా పక్క మండలంలోనే ఉంది. కూతురు అదే బడిలో ఏడో తరగతి. మొన్న తల్లుల సమావేశానికి వెళ్తే పాప గురించి టీచరు ఏమన్నదని అడిగాం. “ఆటల్లో బాగుంటదట” అని చెప్పింది. చదువు సంగతి అడగలేదా అన్నాం. “అడిగిన. ఈసారి అడిగిన. కోయలోనే అడిగిన. ఆ టీచరమ్మకు కోయ వచ్చు, కాంట్రాక్టు టీచరు” అంది. ఆ కాంట్రాక్టు వచ్చే ఏడాది ఉంటుందో లేదో ఆమెకు తెలియదు, మాకూ తెలియదు. అది ఉండేలా చూడటమే ఇప్పుడు మన పని.